ముందు స్పృహ, తర్వాతే ఊపిరి

చెన్నైలో తిరువాన్మియూరు అన్న పేరు వెనక వాల్మీకి ఉన్నాడు. ఆయన ఇక్కడ తపస్సు చేశాడని స్థలపురాణం. బస్సులూ లారీలూ హోరెత్తే ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద ఆయనకో చిన్న గుడి కూడా ఉంది. అక్కణ్ణుంచి సముద్రం వైపు నడిస్తే వాల్మీకి నగర్ వస్తుంది. అందులో మూడో సీవార్డ్ రోడ్డు, 13/1 నంబరు భవనం. భారత జంతు సంక్షేమ మండలి ఏళ్ల తరబడి ఇక్కణ్ణుంచే పనిచేసింది. ప్రయోగాలకు వాడే జంతువులను ఎలా పెంచాలో, ఎలా చూసుకోవాలో, ఆఖరికి ఎలా చంపాలో చెప్పే నియమావళిని సీపీసీఎస్ఈఏ అనే కేంద్ర ప్రభుత్వ సంఘం 2000ల మొదట్లో తెచ్చినప్పుడు దాని మీద అచ్చయిన చిరునామా కూడా ఇదే.

రామాయణం పుట్టింది ఒక పక్షి చావు దగ్గర. క్రౌంచ జంటలో మగపక్షికి వేటగాడి బాణం తగిలింది. అది నేలమీద పడి నెత్తుటిలో కొట్టుకుంది. ఆడపక్షి పక్కనే ఉండి ఏడ్చింది. చిన్నప్పటి నుంచీ వింటున్న కథే. జంతువుల చావు గురించి చదవడం మొదలుపెట్టాక అందులో రెండు సంగతులు నాకు కొత్తగా కనబడ్డాయి. బాణం తగలడానికీ ప్రాణం పోవడానికీ మధ్య కొంతసేపు ఉంది, ఆ కాసేపూ పక్షికి తెలివి ఉంది. రెండోది, దాని తోడు ఆ చావును కళ్లారా చూసింది. వాల్మీకి నగర్ చిరునామాతో వచ్చిన నియమావళిలో చంపడం గురించి రాసినదంతా ఈ రెండింటి చుట్టూనే తిరుగుతుంది. చావు త్వరగా, నొప్పి లేకుండా, భయం, ఆందోళన లేని చోట జరగాలి అంటుంది. మిగతా జంతువులు ఉండే గదుల్లో కాకుండా విడిగా జరగాలి అంటుంది. ఇంకో మాట కూడా చేర్చింది: చంపే మనిషి మనసు మీద పడే బరువు వీలైనంత తక్కువగా ఉండాలి.

ప్రయోగశాలల్లో ఈ పనిని చంపడం అనరు. 'శాక్రిఫైస్ చేశాం' అంటారు. నాకు ఆ మాట నచ్చదు. బలి అంటే దేవతకు ఇచ్చేది. ఇక్కడ దేవత లేదు, తెలుసుకోవాలన్న అవసరం ఉంది. ఆ అవసరం చిన్నదేమీ కాదు. బోదకాలు నివారణకు ఊరూరా పంచే డీఈసీ మాత్రనే తీసుకోండి. భీమవరంలో పుట్టి, మద్రాసు మెడికల్ కాలేజీలో చదివి, అమెరికా వెళ్లిన యల్లాప్రగడ సుబ్బారావు లెడర్లీ కంపెనీలో పరిశోధనకు సారథ్యం వహించిన రోజుల్లో బయటపడిన మందు అది. 1947లో వెలువడిన ఆ పరిశోధనలో దాన్ని కాటన్ ర్యాట్ అనే అమెరికా పొలాల ఎలుకల్లో పరీక్షించారు. వాటికి పట్టే ఫైలేరియా పురుగులు ఛాతీ కుహరంలో కాపురం ఉంటాయి. పెద్ద పురుగులు చచ్చాయా బతికున్నాయా చూడాలంటే ఎలుక ఛాతీ తెరవాల్సిందే. చెన్నైలోనే చెట్‌పేటలో ఉన్న క్షయ పరిశోధన సంస్థ 1956లో మొదలైంది. మద్రాసు రోగుల నుంచి తీసిన క్షయ క్రిములను గినీ పందులకు ఎక్కించి చూస్తే, బ్రిటన్ రోగుల నుంచి తీసిన క్రిముల కంటే వీటిలో చాలావాటికి తీవ్రత తక్కువని తేలింది. ఆ ఫలితం 1960లో అచ్చయింది. అలాంటి పరీక్షలో గినీ పంది కాలేయంలో, ప్లీహంలో, ఊపిరితిత్తుల్లో గడ్డలు ఎంత పాకాయన్నదే లెక్క. అది జంతువు పోయాక వేసే లెక్క.

కాబట్టి చంపడం ఉంది. ఎలా చంపాలన్న ప్రశ్నకు శాస్త్రం దగ్గర ఉన్న జవాబు విచిత్రంగా ఒక్క వాక్యంలో ఇమిడిపోతుంది: ముందు స్పృహ పోవాలి, తర్వాతే ఊపిరి, గుండె ఆగాలి. వరస తప్పకూడదు. లోకంలో ఉన్న నియమాలన్నీ, ఒప్పుకున్న పద్ధతులూ, కాదన్న పద్ధతులూ ఈ వరస నుంచి పుట్టినవే.

వరస తప్పితే ఏమవుతుందో 19వ శతాబ్దంలోనే తెలిసింది. దక్షిణ అమెరికా ఆదివాసులు బాణాల కొసలకు పూసే క్యురారే విషం మీద ఫ్రాన్సులో క్లాడ్ బెర్నార్డ్ పరిశోధించాడు. ఆ విషం ఎక్కిన జంతువు కదలదు, అరవదు, శాంతంగా పోయినట్టు కనబడుతుంది. కానీ ఆ విషం పట్టి బిగించేది నరం నుంచి కండరానికి వెళ్లే సందేశాన్ని మాత్రమే. లోపలికి వచ్చే నొప్పి వార్తను అది తాకదు. జంతువుకు అన్నీ తెలుస్తుంటాయి, చెప్పుకునే దారి మాత్రం మూసుకుపోతుంది. కదలకపోవడం వేరు, తెలియకపోవడం వేరు అన్న ఈ ఒక్క తేడా అర్థమైతే మిగతా అధ్యాయం మొత్తం అర్థమైనట్టే. సీపీసీఎస్ఈఏ ఒప్పుకోని పద్ధతుల జాబితాలో క్యురారే తరహా మందులు ఉండటానికి కారణం ఇదే. స్ట్రిక్నైన్, మెగ్నీషియం సల్ఫేట్, పొటాషియం క్లోరైడ్, రక్తనాళంలోకి గాలి ఎక్కించడం, తల మీద మోదడం కూడా అందులోనే ఉన్నాయి.

మద్రాసు ఈ తేడాను చాలాకాలం వీధికుక్కల మీద చూసింది. 1860 ప్రాంతం నుంచి నగరపాలక సంస్థ కుక్కలను పట్టి చంపుతూ వచ్చింది. తర్వాతి రోజుల్లో కరెంటు పెట్టి చంపేవారు. జంతు సంరక్షణ సంస్థ బ్లూక్రాస్ చెప్పే లెక్క ప్రకారం 1990ల మధ్యకు వచ్చేసరికి అది రోజుకు 135 కుక్కల దాకా చేరింది. కరెంటు అనగానే రెప్పపాటులో పోతుందనుకుంటాం. కరెంటు మెదడులోంచి పోతే స్పృహ తప్పుతుంది, నిజమే. మెదడును తప్పించుకుని ఒంట్లోంచి పోతే అది ముందు గుండె లయను చెడగొడుతుంది. గుండె గాడి తప్పాక కూడా జంతువుకు 10 నుంచి 30 సెకన్లో, అంతకన్నా ఎక్కువో తెలివి ఉండగలదు. కండరాలన్నీ బిగుసుకుపోయి ఉంటాయి గనక అరుపు రాదు. చూసేవాడికి కట్టె, లోపల కుక్క. 1996లో నగరపాలక సంస్థ దక్షిణ మద్రాసులో కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు, రేబిస్ టీకాలతో కొత్తదారి పట్టింది. 1964 నుంచీ బ్లూక్రాస్ అడుగుతూ వచ్చింది ఆ దారే. వీధికుక్కల సంగతి ప్రయోగశాలల కథ కాదు కదా అనవచ్చు. కానీ ప్రయోగశాలల నియమావళి కూడా కరెంటును సిఫారసు చేయని పద్ధతుల్లోనే పెట్టింది, అదే కారణంతో.

ఇక ఇప్పటి ప్రయోగశాలల్లో ఎక్కువగా కనిపించే పద్ధతికి వద్దాం. చిట్టెలుకలకు, ఎలుకలకు వాడేది కార్బన్ డయాక్సైడ్. చవక, సిలిండర్లలో దొరుకుతుంది, మంట అంటుకోదు, చేసేవాళ్లకు పెద్ద ప్రమాదం లేదు. చూడటానికి ఎంతో సులువు: పెట్టెలో పెట్టి గ్యాస్ వదలడమే. ఆ సులువు కిందే దశాబ్దాల వాదన దాగుంది.

గోలీసోడా గబుక్కున తాగి తేన్చితే ముక్కులోంచి పొడుచుకొచ్చే మంట మనందరికీ తెలుసు. కార్బన్ డయాక్సైడ్ తడి పొర మీద పడగానే కార్బానిక్ ఆమ్లమవుతుంది, ఆ మంట దానిదే. గాలిలో ఈ వాయువు సగం దాటితే మనుషులకే ముక్కు, గొంతు నొప్పిగా ఉంటాయి. అందుకే ముందే వాయువు నింపిన పెట్టెలోకి ఎలుకను వదలడం తప్పని తేల్చారు. దానికి స్పృహ పోయేలోపే ముక్కు మండిపోతుంది. పెట్టెలో మామూలు గాలి ఉండగా ఎలుకను ఉంచి, వాయువును మెల్లగా ఎక్కిస్తే, నొప్పి పుట్టించే మోతాదు వచ్చేసరికి అది సొమ్మసిల్లిపోతుంది. అమెరికా పశువైద్య సంఘం 1963 నుంచి కారుణ్య మరణం మీద మార్గదర్శకాలు వెలువరిస్తోంది. దాని 2020 కూర్పు ప్రకారం ప్రతి నిమిషానికి పెట్టె ఘనపరిమాణంలో 30 నుంచి 70 శాతం చొప్పున వాయువు ఎక్కాలి. అంతకు ముందరి 2013 కూర్పులో అది 10 నుంచి 30 శాతం. 30 సెంటీమీటర్ల పొడవు, 20 వెడల్పు, 15 ఎత్తు ఉన్న బోను తీసుకోండి. లోపల 9 లీటర్ల చోటు. అంటే నిమిషానికి 2.7 లీటర్లకు తగ్గకుండా, 6.3 లీటర్లు దాటకుండా పోవాలి. దీన్ని కంటితో అంచనా వేయడం ఎవరి వల్లా కాదు. సిలిండరుకు ఫ్లోమీటరు ఉండాలి. ఫ్లోమీటరు లేని చోట 'మెల్లగా వదిలాం' అన్న మాటకు అర్థం లేదు.

ఇంతటితో సమస్య తీరితే బాగుండేది. నొప్పి ఒక్కటే బాధ కాదు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో డేనియల్ వేరీ బృందం ఎలుకలకు ఇష్టమైన తిండి పెట్టి, అవి తింటుండగా ఆ గదిలోకి వాయువు ఎక్కించి చూసింది. తిండి వదిలేసి ఎలుకలు బయటికి వచ్చేశాయి. అప్పటికి గదిలో వాయువు 20 శాతమైనా దాటలేదు. మంట పుట్టే మోతాదు ఇంకా చాలా దూరంలో ఉంది. మరి దేనికి పారిపోయాయి? 2009లో అమెరికాలోని అయోవా పరిశోధకులు ఒక జవాబు చెప్పారు. మెదడులో బాదంగింజ ఆకారంలో ఉండే అమిగ్డలా భయానికి కేంద్రం. రక్తంలో ఆమ్లం పెరగడాన్ని పసిగట్టే ప్రొటీను ఒకటి అందులో ఉంది. కార్బన్ డయాక్సైడ్ పీల్చగానే అది భయం గంట కొడుతుంది. ఆ ప్రొటీను లేని చిట్టెలుకలు అంతగా బెదరలేదు. కథ ఇక్కడితోనూ ఆగలేదు. అమిగ్డలా దెబ్బతిని, పాము కనబడ్డా గుండె ఝల్లుమనని ముగ్గురు మహిళల చేత 35 శాతం కార్బన్ డయాక్సైడ్ పీల్పించి చూశారు. 2013లో వచ్చిన ఆ ఫలితం ప్రకారం ముగ్గురూ హడలిపోయారు. ఊపిరాడని భయం అమిగ్డలా కన్నా లోతైనది, పాతది. నీళ్లలో మునిగినవాడికి తెలుసు దాని సంగతి.

అందుకని కొన్నిచోట్ల ముందు ఐసోఫ్లూరేన్ లాంటి మత్తు ఇచ్చి, ఎలుక ఒరిగిపోయాక కార్బన్ డయాక్సైడ్ వదులుతారు. నాకు ఈ దారే మేలనిపిస్తుంది. దానిలోనూ చిక్కు లేకపోలేదు. ఐసోఫ్లూరేన్ వాసనను మొదటిసారి కాస్త ఓర్చుకున్న ఎలుక రెండోసారి అదే వాసన తగలగానే బయటపడాలని చూస్తుంది. అంటే ప్రయోగంలో అంతకుముందు దానికి ఆ మత్తు ఎన్నిసార్లు ఇచ్చారో కూడా ఈ రోజు లెక్కలోకి వస్తుంది. ఈథర్ జాడీ సంగతి పాతవాళ్లకు తెలుసు. దూది మీద ఈథర్ పోసి మూత పెట్టడమే. అది ముక్కును మండిస్తుంది, నిప్పు తగిలితే పేలుతుంది. ఈథర్‌తో పోయిన ఎలుకను ఫ్రిజ్‌లో పెడితే ఆ ఫ్రిజ్ పేలే ప్రమాదం కూడా ఉంది. దాని కాలం చెల్లింది.

ఎలుక మౌనాన్ని కూడా నమ్మడానికి లేదు. మన చెవికి వినబడే హద్దు 20 కిలోహెర్ట్జ్. ఎలుక భయపడినప్పుడు చేసే శబ్దం 22 దగ్గర ఉంటుంది. గదిలో నిశ్శబ్దంగా ఉందని మనం అనుకుంటున్న క్షణంలో పక్క బోనులోని ఎలుకకు కేక వినబడుతూ ఉండవచ్చు. వాసన అయితే ఇంకా చాలాసేపు మిగులుతుంది. అందుకే ఒక జట్టు పోయాక పెట్టె కడగకుండా రెండో జట్టును అందులో పెట్టకూడదు. అలవాటైన తమ బోనులోనే, తమ తోటి ఎలుకలతోనే ఉంచి వాయువు వదలాలి. ముక్కూ మొహం తెలియని ఎలుకలను ఒకచోట కుక్కితే ఆఖరి నిమిషాలు కొట్లాటలో గడుస్తాయి.

చెన్నైలో ఒక పరిశోధనశాల జంతు నైతిక సంఘంలో బయటి సభ్యుడిగా కొన్నాళ్లు కూర్చున్నాను. ప్రతి సంస్థలోనూ ఇలాంటి సంఘం ఉండాలని చట్టం. అందులో శాస్త్రవేత్తలతో పాటు పశువైద్యుడు, ప్రభుత్వం తరఫు నామినీ, శాస్త్రరంగానికి చెందని ఒక సామాజిక సభ్యుడు ఉండాలి. నాది ఆ ఆఖరి కుర్చీ. ప్రయోగాలకు అనుమతి కోరే 'ఫారం బి' దరఖాస్తులు చదివి ఊరుకోకుండా పనిని కళ్లారా చూడాలని యానిమల్ హౌస్‌కు వెళ్లాను. గూడూరు నుంచి వచ్చి స్థిరపడిన అటెండరు అక్కడ ఉండేవాడు. హైదరాబాద్ తార్నాకలో శిక్షణ తీసుకున్న మనిషి. అక్కడి జాతీయ పోషకాహార సంస్థలోని ప్రయోగశాల జంతువుల కేంద్రం, 1976లో బొంబాయి నుంచి అక్కడికి తరలినప్పటి నుంచీ దేశానికి జంతువులనూ, వాటిని చూసుకోవడం నేర్చిన మనుషులనూ ఇస్తూ వచ్చింది. ఆయన ముందు రోజు రాత్రే బోనులో ఊక మార్చాడు. పొద్దున్నే ఊక మార్చితే ఎలుకలు కలవరపడతాయట. గదిలో దీపాలు తగ్గించాడు. బోను మీద మూత బిగించి ఫ్లోమీటరు తిప్పి, గోడ గడియారం చూశాడు. నాలుగు చిట్టెలుకలు. మొదటి నిమిషంలో మూలలు వాసన చూశాయి. ఒకటి వెనక కాళ్ల మీద నిలబడి ముక్కు పైకెత్తింది. ఆ నిలబడటం నాకు ఈనాటికీ కళ్లముందుంది. తర్వాత నడక తూలింది, ఒకదాని మీద ఒకటి ఒరిగాయి, ఊపిరి లోతుగా, ఎడం ఎడంగా సాగింది, ఆగింది. ఇక అయిపోయిందనుకుని నేను లేవబోయాను.

"కూసోండి సార్, తొందరేముంది," అన్నాడాయన. "ఊపిరి ఆగితే చాలదు. పోవాల. పోయిందని మన చెయ్యి చెప్పాల."

ఊపిరి ఆగాక కనీసం ఇంకో నిమిషం వాయువు నడవాలి. ఆయన అంతకన్నా ఎక్కువే ఉంచాడు. తర్వాత ఒక్కొక్కటిగా బయటికి తీసి రెండు వేళ్ల మధ్య ఛాతీ పట్టుకుని చూశాడు. కంటిపాప పక్కన దూది కొసతో తాకాడు. కాలివేలు గట్టిగా నొక్కాడు. నాలుగింటికీ ఇవన్నీ చేశాక కూడా, ఆయన మాటల్లో 'రెండో తాళం' వేశాడు. అంటే మెడ దగ్గర వెన్నెముకను తప్పించాడు. వాయువు పద్ధతికి ఏదో ఒక భౌతిక పద్ధతిని జోడించి చావును ఖాయం చేయడం మంచి ప్రయోగశాలల ఆచారం.

అది ఎందుకు అవసరమో నాకు అంతకు చాలా ఏళ్ల ముందే వేరేచోట తెలిసింది. ఊరు, సంస్థ ఇక్కడ చెప్పను. పుట్టి ఒకరోజైన చిట్టెలుక పిల్లలను పెద్దవాటితో పాటు అదే పెట్టెలో, అంతే సేపు ఉంచి, సంచిలో వేసి కట్టేశారు. కాసేపటికి సంచి ఒక మూల కదిలింది. మూట విప్పితే, చిటికెనవేలి కొస అంత గులాబిరంగు ప్రాణం నోరు తెరుస్తోంది. ఎవరూ దుర్మార్గులు కారు. వాళ్లకు తెలియదు, అంతే. తల్లి కడుపులో ఆక్సిజన్ తక్కువున్న లోకం నుంచి అప్పుడే వచ్చిన పసికూనలు ఊపిరాడకపోవడాన్ని చాలాసేపు తట్టుకుంటాయి. పెద్ద చిట్టెలుక కొద్ది నిమిషాల్లో పోతుంది. ఒకరోజు పిల్లకు 50 నిమిషాల దాకా పట్టవచ్చు. చిన్నప్రాణం త్వరగా పోతుందన్న మన ఊహ ఇక్కడ పూర్తిగా తిరగబడుతుంది.

చేతి పద్ధతుల గురించి క్లుప్తంగా చెబుతాను. చిట్టెలుకలకు, 200 గ్రాముల లోపు ఎలుకలకు మెడ ఎముక తప్పించడాన్ని ఒప్పుకుంటారు. రక్తంలోనూ కణజాలంలోనూ మందు కలవకూడని ప్రయోగాలకు అది తప్పదు కూడా. వాయువుతో ఊపిరితిత్తుల్లో రక్తపు చారలు రావచ్చు, బార్బిచ్యురేట్ మందుతో ప్లీహం ఉబ్బవచ్చు. అలా చావు పద్ధతే ఫలితాన్ని మార్చేస్తుంది. చేతి పని తెలిసినవాడు చేస్తే అది క్షణంలో ముగుస్తుంది, తెలియనివాడు చేస్తే అది హింస. నేర్చుకోవడం మత్తులో ఉన్నవాటి మీదో, అప్పటికే పోయినవాటి మీదో జరగాలి. కుక్క, పిల్లి, కోతి లాంటి పెద్దవాటికి ముందు శాంతపరిచే మందు ఇచ్చి తీరాలని మన నియమావళి చెబుతుంది. తర్వాత సిరలోకి పెంటోథాల్ లాంటి బార్బిచ్యురేట్ అధిక మోతాదు. సరిగా సూది ఎక్కితే దానికి మించిన పద్ధతి ఇప్పటికీ లేదు. అది ఆపరేషన్ బల్ల మీద మనకు వచ్చే నిద్ర లాంటిదే, కాకపోతే మెలకువ రాదు.

ఎలా అన్నదాని కంటే ఎప్పుడు అన్నది పెద్ద ప్రశ్న. 1927లో జె. డబ్ల్యూ. ట్రెవన్ మందుల విషశక్తిని కొలవడానికి ఎల్‌డీ 50 అనే పద్ధతి పెట్టాడు. జట్టులో సగం జంతువులు చచ్చే మోతాదు ఎంతో కనుక్కోవడం. అందులో చావే కొలత గనక, జంతువు దానంతటది పోయేదాకా, అది గంటలైనా రోజులైనా, చూస్తూ కూర్చోవాలి. దాని పాత పరీక్షా విధానాన్ని, రసాయనాల పరీక్షలకు అంతర్జాతీయ ప్రమాణాలు పెట్టే ఓఈసీడీ 2002లో తొలగించింది. ఇప్పుడు నడిచే ఆలోచన వేరు. చావు దాకా పోకముందే, ఇక కోలుకోదని తెలిపే గుర్తు ఏదో ముందే రాసిపెట్టుకుని, అది కనబడ్డ రోజే ప్రయోగం ఆపి, నొప్పి లేకుండా ముగించాలి. ఎంత బరువు తగ్గితే, ఒంటి వేడి ఎంత పడిపోతే, కణితి ఎంత పెరిగితే అన్నది దరఖాస్తులోనే ఉండాలి. 2010లో కెనడా మెగిల్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ మోగిల్ బృందం చిట్టెలుక ముఖంలో నొప్పి చదివే కొలబద్ద తయారు చేసింది. కళ్లు మూతపడేలా బిగుసుకోవడం, ముక్కు మీద, బుగ్గ మీద ఉబ్బు, చెవులు వెనక్కి వాలడం, మీసాల తీరు మారడం. ఐదే గుర్తులు. ఒకసారి చూడటం నేర్చుకున్నాక ఎలుక మొహం మునుపటిలా కనబడదు. మా సంఘంలో నేను పదేపదే అడిగిన ప్రశ్న ఇదొక్కటే: "శనివారం రాత్రి దీని మొహం ఎవరు చూస్తారు?"

ఇప్పుడు మన చట్టం దగ్గరికి. బ్రిటన్ 1876లోనే ఒక చట్టం చేసింది. మత్తులో ఉన్న జంతువుకు తీవ్రమైన గాయమైతే, మత్తు దిగకముందే దాన్ని చంపాలని అందులో ఉంది. ఆ ఆలోచనే మన 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 17వ సెక్షన్లోకి వచ్చింది: కోలుకుంటే తీవ్ర వేదన తప్పదనుకున్న జంతువును స్పృహ రాకముందే ముగించాలి. ఆ చట్టం వెనక తిరువాన్మియూరు మనిషి ఒకరు ఉన్నారు. కళాక్షేత్ర స్థాపించిన రుక్మిణీదేవి అరండేల్. నాట్యం వల్ల ఆమెను ఎరిగినవాళ్లకు ఈ సంగతి అంతగా తెలియదు. 1952లో రాజ్యసభకు నామినేట్ అయ్యాక ఆమె జంతుహింస మీద సొంతంగా బిల్లు పెట్టారు. ప్రభుత్వమే చట్టం తెస్తుందని నెహ్రూ మాట ఇవ్వడంతో దాన్ని వెనక్కి తీసుకున్నారు. 1960లో ఆ మాట చట్టమైంది. 1962లో జంతు సంక్షేమ మండలి ఏర్పడితే దాని తొలి అధ్యక్షురాలు ఆమే. మండలి కేంద్రం 2018లో హరియాణాకు తరలిపోయేదాకా చెన్నైలోనే ఉంది.

చట్టం వచ్చినా ప్రయోగాల మీద పర్యవేక్షణకు నిజమైన బలం 1998 నిబంధనలతో వచ్చింది. వాటికి తర్వాత జరిగిన సవరణల్లో ఒకటి నన్ను చాలా ఆలోచింపజేసింది. ప్రయోగం అయిపోయింది కదా అని జంతువును చంపకూడదు అంటుంది అది. ప్రయోగం తర్వాత దాని బాగోగులు, పునరావాసం పరిశోధకుడి బాధ్యత. చంపడానికి మూడే సందర్భాలు: పక్షవాతం వచ్చి తన పని తాను చేసుకోలేక, తన చుట్టూ ఏముందో గ్రహించలేని స్థితిలో పడటం, ప్రయోగం వల్ల నొప్పి తిరగబెడుతూ ఉండిపోవడం, బతికుంటే మనుషులకో ఇతర జంతువులకో ప్రాణాపాయం కావడం. ఆ తర్వాతి ఖర్చు పరిశోధన ఖర్చులో భాగమని, జంతువుకు ఎంత అనుభూతి శక్తి ఉంటే అంత ఎక్కువ కేటాయించాలని కూడా ఉంది. బాధ లేకుండా చంపితే చాలుననే దగ్గర చాలా దేశాల నియమాలు ఆగిపోతాయి. మనది అసలు చంపాలా అని అడుగుతుంది. ఇది అహింసను గౌరవించే నేల మీద పుట్టిన వాక్యమని నాకు గర్వంగానే ఉంటుంది. అయితే అవయవాలు పరీక్షించడమే ప్రయోగమైన చోట చిట్టెలుకకు ఈ వాక్యం అక్కరకు రాదు. కుక్కకూ గుర్రానికీ కోతికీ వచ్చిన పునరావాసం ఎలుక దాకా రాలేదు. అనుభూతి శక్తిని బట్టి కేటాయింపు అన్నప్పుడు ఆ శక్తిని ఎవరు కొలిచారు? 22 కిలోహెర్ట్జ్ కేకను మనం వినలేకపోవడం ఎలుక తప్పు కాదు.

మరణాల సంఖ్య తగ్గించడమన్నది పద్ధతిని మెరుగుపరచడంతో పాటే నడవాల్సిన పని. విలియం రస్సెల్, రెక్స్ బర్చ్ 1959లో చెప్పిన మూడు సూత్రాల్లో మొదటిది జంతువు బదులు మరొకటి వాడటం. మా తరం వాళ్లం కప్పను మైనపు పళ్లెంలో నాలుగు గుండుసూదులతో గుచ్చి ప్రాక్టికల్ పాసయ్యాం. చాలా కాలేజీల్లో క్లోరోఫామ్ సీసాలో ఎంత పోయాలో ఎవరూ కొలిచేవారు కాదు. అటువంటి రోజుల్లో చెన్నై బ్లూక్రాస్ 'కంప్యూఫ్రాగ్' అని కంప్యూటర్ తెర మీద కోసి చూసే కప్పను తయారు చేసింది. తిరుచ్చి భారతిదాసన్ విశ్వవిద్యాలయంలో 2009లో జంతువులకు ప్రత్యామ్నాయాల కోసమే ఒక కేంద్రం వచ్చింది. యూజీసీ కాలేజీల్లో కోతలను 2011లో తగ్గించి, 2014లో ఆపేయమంది. 2023లో సవరించిన కొత్త మందుల నిబంధనలు, జంతువుల బదులు కణాల మీద, కంప్యూటర్ నమూనాల మీద చేసే పరీక్షలకు చోటిచ్చాయి. పరీక్ష రాసే పిల్ల కోసం చచ్చిన కప్పకూ, క్షయ మందు కోసం పోయిన గినీ పందికీ మధ్య నేను తేడా చూస్తాను. మొదటిదాన్ని ఎన్నడో ఆపి ఉండాల్సింది.

మనిషి సంగతి మిగిలింది. రష్యాలోని నోవోసిబిర్స్క్‌లో, జన్యుశాస్త్ర సంస్థ ముందు 2013లో ఒక విగ్రహం పెట్టారు. కళ్లద్దాలు పెట్టుకున్న చిట్టెలుక కూర్చుని సూదులతో డీఎన్ఏ గొలుసు అల్లుతుంటుంది. జపాన్‌లో ఏటా ప్రయోగశాల జంతువులకు స్మారక పూజ జరిపే సంస్థలు ఉన్నాయి. మన దగ్గర ఆ పని చేసే అటెండరును ఎలా ఉన్నావని అడిగే ఏర్పాటైనా తక్కువే. ఉదయం తానే గింజలు పోసి, నీళ్ల సీసా మార్చి, ఏ బోనులో ఏది ఎలా ఉందో చెప్పగలిగే మనిషి, మధ్యాహ్నం ఫ్లోమీటరు తిప్పాలి.

ఆ రోజు గూడూరు పెద్దాయన నాలుగు చిట్టెలుకలనూ తెల్ల గుడ్డ పరిచిన ట్రేలో వరసగా పెట్టి పరిశోధక విద్యార్థికి అందించాడు. రికార్డు ఫారంలో తేదీ, టైము, సంఖ్య రాసి సంతకం చేశాడు. తర్వాత ఆ బోనును బయటి కొళాయి దగ్గరికి తీసుకెళ్లి సబ్బుతో రుద్ది, వేడినీళ్లతో కడిగి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"నాకు వాసన రాలేదు సార్," అన్నాడు. "వాటికి వస్తాదేమో." మళ్లీ కొళాయి తిప్పాడు.